జానెడు సునామీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ సర్వీసు మొత్తంలో నిజంగా ఒక్క సునామీనైనా పట్టారా అండీ?" పట్టాం. ఒకటి పట్టాం. కాకపోతే అది, మా ఊళ్లో సునామీ నాటకం ఆడుతున్న రోజునే వచ్చింది. అదే మా అదృష్టమో, దురదృష్టమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీరే తేల్చండి.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి విశాఖ పోర్టులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన జీవితమంతా సముద్రం పక్కన పనిచేశారు. నేను సముద్రాన్ని గమనించే ఉద్యోగం చేశాను గానీ, అది సీతమ్మధారలో ఒక మేడ మీద. అక్కణ్ణుంచి సముద్రం కనిపించదు కూడా. మా పరిశోధన కేంద్రం డాబా మీద తెల్లటి పుట్టగొడుగులాంటి యాంటెన్నా ఒకటి ఉండేది. దాన్ని కనిపెట్టుకుని ఉండడమే నా పని. మా ఆవిడ బంధువులకు "ఈయన డాబా మీద పుట్టగొడుగు పెంచుతారు" అని చెప్పేది. అంతకన్నా సరిగ్గా నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.

మీ ఫోను మీకు దారి చూపించడానికి ఏ ఉపగ్రహాల మాట వింటుందో, మా యాంటెన్నా కూడా వాటి మాటే వింటుంది. ఫోనుకి కావలసింది దారి. మాకు కావలసింది, ఆ సిగ్నల్ దారిలో పడ్డ ఇబ్బంది. విమానాలు తిరిగే ఎత్తుకి చాలా పైన ఐనోస్ఫియర్ అని విద్యుత్ కణాలతో నిండిన పొర ఉంటుంది. సముద్రం అడుగున నేల కదిలి నీళ్లు ఒక్కసారిగా పైకి లేస్తే, ఆ నీళ్లు తమ మీదున్న గాలిని తోస్తాయి. ఆ తోపు పైపైకి పోతుంది. గాలి పలచబడేకొద్దీ పెద్దదవుతూ, పది నిమిషాలు తిరిగేసరికి ఆ పొరను ఊపుతుంది. ఊగుతున్న పొరలోంచి వచ్చే సిగ్నల్‌కి వెంట్రుకవాసి తేడా పడుతుంది. ఆ తేడాని మా కంప్యూటరు ఒక గీతగా గీస్తుంది. అల ఒడ్డుకు రావడానికి గంటలు పడుతుంది. కబురు మాత్రం ఆకాశం మీదుగా ముందే వచ్చేస్తుంది.

చెప్పడానికి ఎంత బాగుందో చూశారా. చేయడం దగ్గరికి వచ్చేసరికి, పక్కింటివాళ్లు వాళ్ల డాబా మీద కొత్త స్టీలు ట్యాంకు పెట్టిన వారం మా కంప్యూటరు రోజూ బంగాళాఖాతం లేచిందని చెప్పింది. సిగ్నల్ ఆ ట్యాంకుకి తగిలి మా మీద పడుతోందని తెలుసుకునేదాకా మాకు నిద్రల్లేవు. సూర్యుడి మీద తుపాను రేగితే సునామీ అనేది. పావురం యాంటెన్నా మీద సంసారం పెడితే సునామీ అనేది. అందుకని మా కేంద్రం చెప్పే మాటకి పై ఆఫీసుల్లో విలువ ఎంతో మీరు ఊహించుకోవచ్చు.

మా డైరెక్టరు గారిది కృష్ణా జిల్లా. ఎండాకాలంలోనూ టై కట్టేవారు. మనిషి మంచివారే గానీ, తప్పు అనేది ఆయన గుమ్మం తొక్కదు. కలం రాయకపోతే తప్పు కాగితానిది. జీపు ఆగిపోతే తప్పు రోడ్డుది. ఆయన కింద ఒక యువ శాస్త్రవేత్త ఉండేది, రోజూ ఎలమంచిలి నుంచి రైల్లో వచ్చే అమ్మాయి. ఆ గీతని చూసి సముద్రం ఎంత లేచిందో లెక్కగట్టే ప్రోగ్రాము రాసింది ఆ అమ్మాయే. ఆఫీసులో ఎంతో శుద్ధమైన తెలుగు మాట్లాడేది, వార్తలు చదువుతున్నట్టు. ఇక మా జీపు డ్రైవరు ఇక్కడివాడే, నన్ను బావా అని పిలిచేవాడు. ఏ వరసన బావనో నాకు తెలియదు, అడగలేదు.

ఆ ఏడాది సునామీ మాక్ డ్రిల్లు పెట్టాలని ఒక కమిటీ పడింది. కమిటీకి అధ్యక్షుడు ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన అధికారి, టోపీ పెట్టుకునేవాడు. పథకం ఏమిటంటే, ఆ రోజు పొద్దున్న మా కేంద్రం ఒక ఉత్తుత్తి హెచ్చరిక పంపాలి. అది అందగానే సైరన్ మోగాలి. హార్బరు పక్కనున్న పేటలో జనం వెనకాల గుట్ట మీదున్న స్కూలుకి ఎక్కాలి. కొంతమంది మాత్రం ఎక్కకుండా ఇసకలో చచ్చిపోవాలి. వాళ్లని అంబులెన్సులో తీసుకెళ్తుంటే ఫొటోలు తియ్యాలి.

హెచ్చరికలో ఏం రాయాలన్న దాని మీద మీటింగుల మీద మీటింగులయ్యాయి. చివరికి అధ్యక్షుడు గారు తేల్చారు.

"మన జనానికి డ్రిల్లు అని చెబితే మంచం దిగరు. సీరియస్‌నెస్ రావాలి. 'ఇది డ్రిల్లు కాదు, నిజం' అని రాయండి."

మా ఎలమంచిలి అమ్మాయి చెయ్యెత్తింది. "మరి అదే రోజు నిజంగా వస్తే ఏమని పంపాలి సార్?"

"అదే రోజు ఎందుకొస్తుందమ్మా?" అన్నాడాయన, సునామీలు కూడా కమిటీని అడిగి వస్తాయన్నట్టు. మినిట్స్‌లో ఆ ప్రశ్న రాలేదు.

తమాషా ఏమిటంటే, డ్రిల్లుకి ముందు రోజు ఆటోలో మైకు పెట్టి పేటంతా చాటింపు వేశారు. రేపు డ్రిల్లు, తర్వాత బిర్యానీ, అందరూ తప్పక రావాలి అని. అంటే డ్రిల్లని అందరికీ తెలుసు, డ్రిల్లు కాదని అందరికీ కబురు వస్తుంది. రక్తం కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్లి పారాణి సీసాలు కొనుక్కొచ్చింది నేనూ, మా డ్రైవరే. కొట్టువాడు సీసాలు సంచిలో పెడుతూ, "ఎంతమంది పెళ్లికూతుళ్లండి?" అని అడిగాడు. "పెళ్లికూతుళ్లు కాదు, శవాలు" అన్నాడు మావాడు. కొట్టువాడు మిగతా చిల్లర తిరిగివ్వడం కూడా మర్చిపోయాడు.

ఆ రోజు రానే వచ్చింది. సీతమ్మధారలో గీతని కనిపెట్టుకుని మా అమ్మాయి ఉండిపోయింది. డైరెక్టరు గారూ, నేనూ, డ్రైవరూ ఇసక మీద షామియానా కిందకి చేరాం. అనుకున్న వేళకి మా కేంద్రం నుంచి "ఇది డ్రిల్లు కాదు" అని కబురొచ్చింది, సైరన్ మోగింది, జనం గుట్ట ఎక్కారు. ఎక్కారంటే పరిగెత్తలేదు. ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని, పేరంటానికి వెళ్తున్నట్టు వెళ్లారు. చావాల్సినవాళ్లు ఒంటికి పారాణి పూసుకుని వరసగా పడుకున్నారు. అధ్యక్షుడు గారు ఎవరికో ఫోను చేసి "గ్రాండ్ సక్సెస్ సార్" అని చెప్పేశాడు. జనం బిర్యానీ కోసం దిగి వచ్చేశారు. అంబులెన్సు మాత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. శవాలు ఎండలో ఎదురుచూస్తూ పేకాట మొదలుపెట్టాయి.

అప్పుడు నాకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"సార్, అండమాన్ వైపు సముద్రంలో పెద్ద భూకంపం వచ్చింది. మన గీతలో కదలిక ఉంది. ఇది డ్రిల్లు కాదు సార్."

"అందిందమ్మా. చాలా బాగా పంపావు. ఇక్కడ అందరూ మెచ్చుకున్నారు" అన్నాను.

"అది కాదు సార్. అది డ్రిల్లు. ఇది డ్రిల్లు కాదు."

"అవునమ్మా, అచ్చం ఆ మాటే వచ్చింది."

అంతే, ఆ అమ్మాయి గొంతు పూర్తిగా మారిపోయింది.

"నాను సెప్తన్నదేటి, మీరు ఇంటన్నదేటి సార్? గీత లెగిసింది. నిజంగా లెగిసింది. మీ కాళ్లట్టుకుంటాను, అక్కడోళ్లని పైకంపేయండి."

అన్నేళ్లలో ఆ అమ్మాయి నోటి నుంచి తన ఇంటి మాట నేను వినలేదు. కమిటీ వాళ్లు ఎన్ని మీటింగులు పెట్టినా రాయలేని హెచ్చరిక అది.

డైరెక్టరు గారిని పక్కకి పిలిచి ఫోను చేతికిచ్చాను. ఆయన అడిగింది ఒక్కటే, "ఎంత లేచిందమ్మా?" అని. ఆయన స్పీకరు పెట్టడం వల్ల నాకూ వినిపించింది.

"నా లెక్క ప్రకారం చాలా తక్కువే సార్. ఒడ్డుకొచ్చేసరికి జానెడు ఉండొచ్చు. కానీ మన ప్రోగ్రాము ఇంతకుముందు నీళ్ల ట్యాంకుని చూసి కూడా సునామీ అంది. దాన్ని నమ్మి అంతమందిని ఇసకలో కూర్చోబెట్టమని నేను చెప్పలేను."

అల రావడానికి రెండు గంటలకు పైగా టైముంది. తొందరపడక్కర్లేదు, చెబితే చాలు అనుకున్నాం. వెళ్లి అధ్యక్షుడు గారికి చెప్పాం.

ఆయన డైరెక్టరు గారి భుజం తట్టాడు. "శభాష్. రెండో హెచ్చరిక కూడానా? స్క్రిప్టులో లేదు గానీ, రియలిజం వచ్చింది."

"అయ్యా, ఇది నిజమండీ."

"మొహం చూస్తే నాకే భయమేస్తోందండీ. ముందే తెలిస్తే మిమ్మల్ని వీడియోలో పెట్టేవాణ్ణి."

కావాలంటే కంట్రోల్ రూముని అడగమన్నాం. ఆయన అడిగాడు. కమిటీ పెట్టుకున్న ఆ కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు, అవును సార్, హెచ్చరికలు అన్నివైపుల నుంచీ వస్తూనే ఉన్నాయి, అన్నిటిమీదా 'డ్రిల్లు' అని ముద్ర వేసి ఫైల్లో పెడుతున్నాం, ఒక్కటి కూడా పోనివ్వలేదు అన్నారు. అధ్యక్షుడు గారు తృప్తిగా ఫోను పెట్టేశాడు.

నేను శవాల దగ్గరికి పరిగెత్తాను. వరసలో మొదట పడుకున్నది ఒక పెద్దాయన, చేపల పడవ నడిపే సరంగు. చేతిలో పేకముక్కలున్నాయి.

"బాబూ, లేవండి. గుట్ట మీదకి వెళ్లిపోండి" అన్నాను.

"లెగిస్తే ఎలగ? అంబులెన్సు వొచ్చీదాకా కదలొద్దని సెప్పినారు. నాను సచ్చిపోయినట్టు పైకి కబురెల్లిపోనాది."

"సునామీ వస్తోందండీ, నిజంగా."

"వొచ్చీసింది కదేటి. మేం దాన్లోనే సచ్చిపోనాం."

పక్క శవం నవ్వింది. "ఆయన్ని ఊరకే లేపకు బాబూ, ముక్కలు బాగా పడినాయి ఆయనకి."

మా డ్రైవరు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. "బావా, ఈల్లు బతికున్నోళ్లయితే సెప్పొచ్చు. సచ్చినోళ్లకి ఏటి సెప్తావు" అన్నాడు. వాడికీ చెమటలు పడుతున్నాయి. వాడి చిన్నమ్మ కుటుంబం ఆ పేటలోనే ఉంది.

ఈలోగా డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. "అయ్యా, అమ్మా. ఇది డ్రిల్లు కాదు. ఇప్పుడు నిజంగానే సునామీ వస్తోంది. దయచేసి అందరూ పైకి వెళ్లండి" అని, గొంతు వణుకుతుండగా చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఈ బాబు ఇందాకటాయన కన్నా బాగా సెప్పినాడే" అంది.

ఆయన మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను ఆయన్ని అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. నిజం చెప్పి ఓడిపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. తర్వాత ఆయన టై సరిచేసుకున్నారు.

"ఒక ముఖ్య ప్రకటన. పొద్దున్న చేసిన డ్రిల్లు చెల్లదు. ఫెయిల్. మళ్లీ మొదటినుంచి చెయ్యాలి."

జనంలో గోల లేచింది. అధ్యక్షుడు గారు కుర్చీలోంచి లేచి వచ్చేశాడు. "ఏం మాట్లాడుతున్నారండీ? నేను సక్సెస్ అని చెప్పేశాను. ఎవరి తప్పు వల్ల ఫెయిల్?"

"మాదండీ. మా కేంద్రం పంపిన మెసేజే తప్పు. దాన్ని చూసి సంతకం పెట్టింది నేను. తప్పు నాది."

పక్కనే ఉన్న నేను ఆ మాట సరిగ్గా విన్నానా లేదా అని సందేహపడ్డాను. ఆయన నోట ఆ రెండు పదాలు కలిసి రావడం నాకు తెలియదు. పైగా మెసేజ్‌లో తప్పేమీ లేదు. అక్షరం అక్షరం కమిటీ రాయించిందే.

"బిర్యానీ?" అని ఎవరో అరిచారు.

"పైనే. స్కూల్లో." డైరెక్టరు గారు మా డ్రైవరు వైపు చూశారు. వాడు అప్పటికే బిర్యానీ డేగిసాల వైపు నడుస్తున్నాడు.

ఇక చూడాలి. నిజమంటే కదలని జనం, తప్పయింది మళ్లీ చెయ్యాలంటే తిట్టుకుంటూనే లేచారు. "ఓలమ్మా, ఒకపాలి ఎక్కినాం సాలదా", "ఈల్ల డ్రిల్లు మండిపోను", "సదువుకున్నోళ్ల పనులిలగే ఉంటాయి" అనుకుంటూ పిల్లల్ని చంకనేసుకుని, ముసలాళ్లని నడిపించుకుంటూ బయల్దేరారు. పొద్దున్న పేరంటంలా ఎక్కినవాళ్లు ఈసారి కోపం కొద్దీ గబగబా ఎక్కారు.

శవాల వరసలోంచి సరంగు మోచేతి మీద లేచాడు. "మమ్మల్ని మళ్లీ సావమంటారేటి?"

"ఈసారి ఎవరూ చావక్కర్లేదు. అందరూ బతకడమే" అన్నారు డైరెక్టరు గారు మైకులో.

సరంగు మొహం చిన్నబోయింది. "అంటే మమ్మల్ని తీసీసినారన్నమాట" అంటూ, పేకముక్కలు జేబులో పెట్టుకుని లేచాడు.

అందరూ పైకి చేరి తింటుండగా అధ్యక్షుడు గారికి ఫోనొచ్చింది. ఈసారి ముద్ర వెయ్యడానికి వీల్లేని ఫోను. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలిచ్చే కేంద్రం నుంచి ఎవరో స్వయంగా మాట్లాడారు. వింటూ వింటూ ఆయన స్కూలు మెట్ల మీద కూర్చుండిపోయాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి డైరెక్టరు గారి వైపు తిరిగాడు.

"ముందే నాతో చెప్పొచ్చు కదండీ."

"చెప్పానండీ. భుజం తట్టారు."

ఆయన లేచి వెళ్లి, వరండాలో కూర్చున్న పిల్లల్ని రెక్కలు పట్టుకుని పై అంతస్తుకి ఎక్కించడం మొదలుపెట్టాడు. మనిషి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

మేమందరం పిట్టగోడ దగ్గర నిలబడి సముద్రం వైపే చూస్తున్నాం. అల వచ్చింది. ముందుగా హార్బరులో పడవలన్నీ ఒకేసారి మొహాలు అటు తిప్పుకున్నాయి, ఎవరో పిలిచినట్టు. నీళ్లు కొంచెం వెనక్కి తగ్గాయి. తర్వాత చప్పుడు లేకుండా మెల్లగా ఎక్కి, ఖాళీ షామియానా కిందకి వచ్చాయి. ముఖ్య అతిథి కోసం తువ్వాలు వేసి ఉంచిన ప్లాస్టిక్ కుర్చీని ఎత్తుకుని, కాస్త దూరం మర్యాదగా తీసుకెళ్లి, ఇసకలో దించేశాయి. మళ్లీ కొంతసేపటికి ఇంకొకటి వచ్చింది, అది ఇంకా చిన్నది. అంతే.

"అదేటి బావా, మా ఇంటి కాడ కుళాయి కట్టెయ్యడం మర్చిపోతే ఇంతకన్నా వస్తాది" అన్నాడు మా డ్రైవరు.

జనం దిగిపోయారు. వాళ్ల దృష్టిలో రెండో డ్రిల్లు కూడా ఫెయిలే.

ఆ తర్వాత ఆఫీసు పరంగా జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. డ్రిల్లుని చెడగొట్టినందుకు డైరెక్టరు గారిని సంజాయిషీ అడిగారు. నిజం రాయండి సార్ అని నేను చెప్పాను. "ఏమని రాయమంటావయ్యా? కుర్చీ జరిపిన సునామీ నుంచి ఊరిని కాపాడానని రాయనా?" అన్నారు. తప్పు నాదే అని రాసి పంపేశారు. రిటైరయ్యేదాకా అది ఆయన రికార్డులో అలాగే ఉంది. అధ్యక్షుడు గారు మాత్రం ఒకసారి సీతమ్మధార వచ్చి, ఏదో చెప్పబోయి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఆ సాయంత్రం సంగతి.

జీపులో తిరిగి వస్తున్నాం. సంతోషంగా ఉండాల్సిన రోజు. పేటంతా క్షేమం. మా యంత్రం మొదటిసారి నిజం చెప్పింది. అయినా ముగ్గురం ఓడిపోయినవాళ్లలా కూర్చున్నాం. ఎందుకో నాకు అర్థం కాలేదు, లేదా అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయింది.

మా అమ్మాయి ఎలమంచిలి రైలు వదిలేసుకుని గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. "ఎంత వచ్చింది సార్?" అంది.

డైరెక్టరు గారు బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపించారు. జానెడు. ఆ అమ్మాయి లెక్కగట్టినదీ అంతే.

ఆ పిల్ల మొహం వెలగాలి కదా. వాడిపోయింది. "ఇంతేనా" అంది. అనేసి, తన నోటి నుంచి ఏం వచ్చిందో తనకే వినపడినట్టు ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. గుడిలో నిలబడినట్టు కళ్లు మూసుకుని, టపటపా లెంపలు వేసుకుంది. "తప్పు, తప్పు, తప్పు" అనుకుంటూ లోపలికి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది.

నేను డాబా తాళం చెవుల కోసం డైరెక్టరు గారి గదిలోకి వెళ్లాను. ఆయన తలుపు వైపు వీపు పెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నేను వచ్చినట్టు ఆయనకి తెలియదు. ఇటూ అటూ చూసి, ఎవరూ లేరనుకుని, ఆయన కూడా మెల్లగా లెంపలు వేసుకున్నారు.

నేను చప్పుడు కాకుండా బయటికి వచ్చి, వరండాలో నిలబడి, నావి నేను వేసుకున్నాను.